మిరియాల రసం

"మూడో నెల నిండేదాకా నెల తప్పిందని ఎవురికీ చెప్పబాక. దిష్టి తగులుతుంది," అంది అత్త జానకీదేవి. అందుకే సునయన వాంతులు చింతాద్రిపేట వీధికి అజీర్తి అయ్యాయి. డాక్టరిచ్చిన మాత్రలు బియ్యం డబ్బాలో దాక్కున్నాయి.

పదకొండో వారం స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోలేదు.

కడుపు శుభ్రం చేయించుకుని ఇంటి ముందు ఆటో దిగుతుంటే పక్కింటావిడ ఎదురొచ్చింది. "కోడలికి ఏమైంది, ఇట్టా వాడిపోయింది?"

"జొరం," అంది అత్త.

కాసేపటికి ఆవిడే మిరియాల రసం తెచ్చిచ్చి, "రెండు దినాల్లో తగ్గిపోతుందిలే," అని వెళ్లింది.

"నిజం చెప్పుంటే ఆమె కాడైనా ఏడ్చేదాన్ని గదత్తా," అంది సునయన.

వేడి గిన్నె చేతిలో ఉండగానే జానకీదేవి మంచం పక్కన కూలబడింది.

"మా అత్త కూడా ఇట్నే చెప్పిందే. నాకు రెండుమాట్లు వచ్చింది ఈ జొరం."