మూడుసార్లు తట్టాకే

ఫాల్గుణ శుద్ధ తదియ, మంగళవారం, పగలు పదకొండు గంటలు. దీవి అడవిలో కొమ్ముముక్కు పక్షి సుభద్ర చెట్టుతొర్రలో బిడ్డను రెక్క కింద పెట్టుకుని కూర్చుంది. వంశాచారం ప్రకారం తొర్రకు మట్టిగోడ కట్టుకుని, ముక్కు పట్టేంత సందు మాత్రం వదిలింది. పెనిమిటి పండు తెచ్చి గోడమీద మూడుసార్లు తట్టాకే పలకాలి. అది అత్తగారి మాట.

ఒడ్డున పడవ ఆగింది. అడవి చూడవచ్చిన మనుషులు దిగారు. కాసేపటికి చెట్టు కింద పెనిమిటి గొంతు వినిపించింది.

“మీ ఆయనే. పలకవేం వదినా?” అంది గోడమీది బల్లి. “ఇంకా బతిమాలించుకోవాలా?”

“తట్టలేదుగా.”

మళ్లీ అదే పిలుపు, చివర అదే దగ్గు. మూడోసారీ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. సుభద్ర సందునుంచి వెనక్కి జరిగింది. పొద్దుటినుంచీ పస్తున్న బిడ్డ అయ్య వచ్చాడని నోరు తెరవబోయింది. దాని ముక్కును తన ముక్కుతో అదిమిపట్టి, “తల్లీ, నువ్వే దిక్కు” అని వనదేవతకు మొక్కుకుంది.

కిందికి వెళ్లి చూసొచ్చిన బల్లి గుసగుసగా అంది. “వదినా, మీ ఆయన గొంతుతో అరుస్తున్నది ఒకడి చేతిలోని చిన్న పెట్టె. పక్కవాడి దగ్గర నిచ్చెన, గోనెసంచి ఉన్నాయి.”

అడుగులు చెట్టు మొదట్లో ఆగాయి. చాలాసేపు ఆగాయి. చివరికి దూరమయ్యాయి.

సందెవేళ గోడమీద మూడుసార్లు చప్పుడైంది. అప్పుడుగానీ సుభద్ర పలకలేదు.

మర్నాడు పొద్దున్నే పెనిమిటి తడిమట్టి తెచ్చాడు. ఆయన బయటినుంచి, ఆమె లోపలినుంచి సందును ఇంకాస్త పూడ్చారు. తర్వాత ఆయన పండు అందించబోయాడు. బిడ్డ ఆకలని అరవలేదు. లోపలినుంచి గోడను మూడుసార్లు తట్టింది.