పసుపు రిబ్బను

వాషింగ్టన్ నుంచి ఉత్తరం వచ్చేసరికి హెట్టీ చేతుల నిండా పిండి ఉంది. రేపే పిక్నిక్. ఆరు యాపిల్ పైలు కావాలి. ఆరో దానికి అంచు నొక్కుతోంది.

"చేతులు కడుక్కుని చదువు. నా కళ్ళజోడుకి ఆ అక్షరాలు ఆనవు," అంది ఇంటి యజమానురాలు మిస్ ఆగస్టా టిల్సన్.

నెబ్రాస్కాలోని ఆ కౌంటీలో తొలి వలస కుటుంబాలకు ఏటా జూలైలో పిక్నిక్. నిరుడు మేం ముందంటే మేం ముందని రెండు కుటుంబాలు కొట్టుకున్నంత పని చేశాయి. అందుకని ఈ 1938లో కమిటీ ఒక నియమం పెట్టింది. 1880 జనాభా లెక్కల్లో పేరున్నవాళ్ళకే పసుపు రిబ్బను, వేదిక మీద కుర్చీ. మిగతావాళ్ళకు గడ్డి మీద దుప్పటి.

అరవై రెండేళ్ళ ఆగస్టా ఆ కుర్చీ కోసం కొత్త టోపీ కూడా కొంది. లెక్కల నకలు కావాలని దరఖాస్తు రాసింది మాత్రం హెట్టీయే.

"అందులో నా పేరు కూడా ఉంటుందేమో," అంది హెట్టీ చేతులు తుడుచుకుంటూ. "నేనూ ఆ రోజుల్లోనే కదా వచ్చింది."

"ఉంటే పనిపిల్ల అని ఉంటుంది. రిబ్బను ఇంటి పిల్లలకే."

"పోనీండి. పైలు కోసి పంచేది నేనే కదా. పెద్ద ముక్క ఎవరికి పోవాలో నా చేతిలో ఉంది."

ఆగస్టాకు నవ్వొచ్చింది. "నిన్ను మొదట చూసిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మన పాత మట్టింటి గుమ్మంలో నిలబడి, వేలు చీకుతూ, నా బొమ్మ వంకే చూస్తున్నావు. పట్నాల అనాథల్ని ఊరూరా పంచే రైలు దించిపోయిన పిల్ల, బొమ్మ జాగ్రత్త అని అమ్మ చెప్పింది."

హెట్టీకి రైలు గుర్తులేదు. చాకిరీ గుర్తుంది. చుట్టూ తొమ్మిది మైళ్ళలో మరో పొయ్యి పొగ కనిపించని రోజులవి. ఇంటిపెద్ద ఏమస్ టిల్సన్‌ని ఆయన బతికినంతకాలం 'అయ్యగారూ' అనే పిలిచింది. చివరి రోజున ఆ ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని "క్షమించు" అన్నాడు. ఎప్పుడో పాలకుండ పగిలినప్పుడు కొట్టినందుకు కాబోలు అనుకుంది.

కవరు చింపింది. లోపల ఒకటే కాగితం.

"ఏమస్ టిల్సన్. ముప్పై ఒకటి. రైతు. భార్య చనిపోయింది."

"చనిపోవడమేమిటి? మా అమ్మ డెబ్బై తొమ్మిదేళ్ళు బతికి, పోయే రోజు కూడా నిన్ను తిట్టే పోయింది. ఆ లెక్కలవాడు తాగి రాసుంటాడు. కిందికి పో. నా పేరు చదువు."

హెట్టీ కిందికి చూసింది. కాగితం తిప్పి చూసింది. వెనక ఖాళీ.

"ఏమే, నోరు పడిపోయిందా?"

"మీ పేరు లేదు, మిస్ ఆగస్టా."

"సరిగ్గా చూడవే. మరి ఆ ఇంట్లో ఇంకెవరున్నారట?"

హెట్టీ కుర్చీ లాక్కుని, ఆ వంటింట్లో ఇన్నేళ్ళలో మొదటిసారి ఆగస్టా ఎదురుగా కూర్చుంది.

ఏమస్ టిల్సన్ పేరు కింద ఒక్కటే వరుస ఉంది: కూతురు, హెట్టీ, రెండేళ్ళు.