అద్దె కాళ్లు

సూరీడమ్మ బస్టాండులో అద్దె కాళ్లు తొడుక్కుంది. మోకాళ్లు అరిగిన వాళ్లంతా ఇప్పుడు ఆదివారం పూట ఈ యంత్రాల కాళ్లతోనే వంశధార గట్టు వెంట నడుస్తున్నారు. సాయంత్రం ఆవలి ఒడ్డు ఊళ్లో వాటిని అప్పగించి బస్సెక్కేస్తారు.

వదిన పైడమ్మతో కబుర్లాడుతూ ఆవిడ చెరకు తోటలూ ఇసుక తిన్నెలూ దాటింది. ఏట్లోకి దిగాల్సిన రేవు దగ్గర కాళ్లు ఠక్కున ఆగిపోయాయి. ఎంత ఈడ్చినా కదల్లేదు.

"పాడైపోనాయి వదినా! ఆకరి బస్సు ఎల్లిపోద్ది."

"కంగారు పడకే. నావీ ఆగిపోనాయి."

ఇంతలో ఆ కాళ్లు మెల్లగా వంగి ఇద్దరినీ నీటి అంచున మోకరిల్లేలా చేశాయి. సూరీడమ్మ అలవాటు కొద్దీ దోసెడు నీళ్లు తీసి నెత్తిన చల్లుకుంది. వెంటనే కాళ్లు లేచి ఏట్లో అడుగేశాయి.

"ఈటికి ఎవులు నేర్పినారు వదినా?"

"ఎవులూ నేర్పనేదు. ఏట్లో దిగేముందు మనోలంతా సేసేదే గదేటి! మోసి మోసి అయ్యే నేర్సుకున్నాయి."

సూరీడమ్మ సొంత మోకాళ్లు వంగి ఎన్నేళ్లయిందో. ఆవిడ అద్దె కాళ్లను మళ్లీ ఒడ్డుకి తిప్పింది.

"ఇంకోపాలి దండమెట్టుకుంటాను. బస్సు పోతే పోనీ."