సాక్ష్యం చెప్పిన కోడలు

1994 ఆగస్టు ఏడు, ఆదివారం. ఆ మధ్యాహ్నం రాగిసంగటి, గోంగూర పప్పు. సుకుమారి చేతిలోంచి ముద్ద మూడోసారి జారి నేలమీద పడింది.

"చూసినావా నాటకం?" అని అత్త ఓబమ్మ మొగుడి వైపు తిరిగింది. "నేను అయిదుగుర్ని కన్నాను. మూడోనాడే కట్టెలు కొట్టినాను. ఈమె ఒక్క పిల్లను కని మహారాణి అయిపోయినాది."

మామ మాలకొండయ్య తలెత్తకుండా తింటున్నాడు.

కడుపుతో ఉండగా ఎనిమిదో నెలలో సుకుమారికి ఫిట్స్ వచ్చాయి. నెల్లూరులో ఆపరేషన్ చేసి తల్లినీ, బిడ్డ షైనీనీ బతికించారు. ఫిట్స్ ఆగాయి గానీ కుడిచేయి, కుడికాలు మొద్దుబారాయి. ఒక్కో పూట ఎదుట ఉన్న మనిషి ఇద్దరుగా కనబడేవాడు. పరీక్షల్లో ఏమీ తేలలేదు, వేలూరు పెద్దాస్పత్రికి తీసుకెళ్లమన్నాడు డాక్టరు. ఈలోగానే ఉదయగిరి చర్చి సంఘంలో పెద్ద అయిన మాలకొండయ్య కోడలిని ఆరాధనలో నిలబెట్టి, ప్రభువు పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పించాడు. ఇక వేలూరు మాటెత్తితే ఆయనది ఒకటే జవాబు.

"దేవుడు బాగుచేసినాక డాక్టరేంది? సంఘం ముందర అబద్ధమాడినట్టు కాదా?"

లారీ డ్రైవరైన భర్త డేవిడ్‌రాజు తండ్రికి ఎదురు చెప్పేవాడు కాదు. మూడు నెలల పిల్లను ఎత్తుకోవాలంటే సుకుమారికి భయం. ఇలాగే వదిలేస్తే రెండో చేయి కూడా పోతుందేమోనని అంతకంటే పెద్ద భయం.

ఓబమ్మకు మాత్రం రోజూ వేడుకే. కోడలు కాలీడ్చే తీరు నడిచి చూపించి పక్కింటి లిదియమ్మను నవ్వించేది. ఇంత మొరటు మనిషికి మళ్లీ మోకాళ్ల ప్రార్థన ఒకటా అని సుకుమారి లోలోపలే ఛీకొట్టేది.

ఆ పూట ఓబమ్మ కోడలి ముందున్న పళ్లెం లాగేసింది.

"ఇంక నా వల్ల కాదు. ఈ దండగ మనిషిని పుట్టింటికి తోలెయ్. ఆరాధనకొచ్చే ప్రతివాడూ దీని కాలు చూసి, నువ్వు చెప్పించిన సాక్ష్యం తలుచుకుని నవ్వతా ఉండాడు."

ఆ చివరి మాట మాలకొండయ్యకు తగిలింది. కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"పుట్టింటికయితే పోనీ."

ఓబమ్మ సంచిలో పిల్లగుడ్డలు కుక్కింది. ఆస్పత్రి కాగితాలన్నీ వాటి మీద పడేసి, తన ఇంట్లో ఈమె చెత్త ఒక్కటీ ఉండకూడదంది. బస్టాండుదాకా వచ్చి, బస్సు కదిలేవరకూ తిడుతూనే ఉంది. సుకుమారి తల తిప్పి చూడలేదు.

ఆత్మకూరులో బస్సు ఆగేసరికి అన్న యేసుబాబు అక్కడే నిలబడి ఉన్నాడు. బడిపంతులు. ఏమీ అడక్కుండా పిల్లను అందుకున్నాడు. ఆ రాత్రి వదిన అన్నాన్ని ముద్దలు చేసి, ఎడమచేతికి అందేలా పళ్లెంలో పెట్టింది.

"తెల్లారి వేలూరు పోతా ఉండాం" అన్నాడు యేసుబాబు. "రైలు టికెట్లు తీసి నాలుగు రోజులయింది."

సుకుమారి తినడం ఆపింది.

"నన్ను ఈ పొద్దు గదన్నా తరిమినారు. నేనొస్తానని నాలుగు రోజుల ముందే నీకెవరు చెప్పినారు?"

పిల్ల లేవకుండా యేసుబాబు వీధి తలుపు మెల్లగా మూసి, గడియ పెట్టాడు.

"మీ అత్త."