స్టాండు వేస్తే ఆగే బండి

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ లక్ష్మీదేవమ్మ గడప దగ్గరున్న పెద్దకోడలిని చూసింది.

"యమునా, నువ్వు లోపట్నే ఉండు. నీ పాదం సంగతి తెలిసిందే గద."

పెళ్లైన కొత్తలోనే యమున భర్త రంజిత్ ఆత్మకూరు మలుపులో బండి మీంచి పడి చనిపోయాడు.

మరిది సాయితేజ బండి స్టార్ట్ చేశాడు. సైడు స్టాండు తీయకుండానే గేరు వేశాడు. ఇంజిన్ టక్కున ఆగిపోయింది.

"చూసినవా అమ్మా, కొత్త మోడల్ గిట్లుంటది. స్టాండు మర్చిపోతే కదలనే కదలదు. అన్న బండికి గిది లేకుండె. మలుపుల స్టాండు నేలకు తాకే గద పడ్డడు."

"మంచి బండి బిడ్డా," అంటూ లక్ష్మీదేవమ్మ హెడ్‌లైటుకు బొట్టు పెట్టింది.

యమున గడప దాటలేదు.

"గిది ఆయన బండికే ఉంటే, నా పాదం గూడ మంచిదే అవుతుండె గద అత్తమ్మా."