ఎవరూ కప్పుకోని దుప్పట్లు

"చాటున కాదురా, కొండ అంచుకు తెచ్చి ఆరెయ్. ఎండ బాగా తగలాలి."

సిపాయి తడి దుప్పటిని విసురుగా దులిపాడు. "ఎవరూ కప్పుకోని దుప్పటికి మురికెక్కడిది మామా?"

సామాను చేరవేసే మామ కంచరగాడిద వీపు మీది కట్టెలు దించుతూ నవ్వాడు. "పైనించి హుకుం. కారణాలు అడిగేవాడివి సైన్యంలో ఎందుకు చేరావు?"

ఆ కొండ మీద కాపలా ఉన్నది ఇద్దరే, సిపాయీ, అతని జతగాడు బండోడూ. గుడారాలు మాత్రం వరసగా లేచాయి. వెనకాల వచ్చేవాళ్ళకట. వాళ్ళ జాడ లేదు. అయినా రోజూ దుప్పట్లు ఉతకాలి, పొయ్యి ఆరనివ్వకూడదు. ఏటి అవతల శత్రువును కనిపెట్టమని ఇచ్చిన దుర్భిణీకి అద్దం పగిలింది. మార్చమని మొత్తుకుంటే "వస్తుందిలే" అంటాడు మామ.

బండోడికి మాత్రం హాయిగా ఉంది. "అత్తారింటికొచ్చిన అల్లుళ్ళంరా మనం. తిను, పడుకో."

సిపాయికి ముద్ద దిగేది కాదు. కింద ఏటి ఒడ్డున, రెల్లు పొదల్లో, సొంత తమ్ముడున్నాడు. ఏరు దాటడానికి అక్కడ కుర్రాళ్ళు కాచుకుని ఉన్నారు. గట్టిగా దగ్గితే చాలు, అవతలి ఫిరంగులు వాళ్ళ మీదికి తిరుగుతాయి. ఎండు రొట్టె నములుతూ బురదలో పొర్లుతున్నారు. ఇల్లు వదిలిన రోజు అమ్మ తమ్ముడి చెయ్యి తెచ్చి సిపాయి చేతిలో పెట్టింది.

"వాడెట్లా ఉన్నాడు మామా?"

"చిక్కిపోయాడు. అన్న ఏం చేస్తున్నాడని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"బట్టలుతుకుతున్నాడన్నాను."

బండోడు పగలబడి నవ్వాడు. సిపాయి మొహం మాడిపోయింది. మామ కొండ దిగగానే టెలిఫోన్ అందుకున్నాడు.

"సార్, నన్ను కిందికి పంపండి. తమ్ముడి పక్కన ఉంటాను. ఇక్కడ నేను చేసేదేం లేదు."

"చేస్తున్నదే చెయ్యి," అని పెట్టేశాడు అధికారి.

సిపాయి గుడారాల చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి తుపాకీ భుజాన వేసుకున్నాడు.

"వెళ్తున్నాను."

"ఒరేయ్, చెప్పకుండా పోతే కాల్చేస్తారు!"

"కాల్చుకోనీ. వాణ్ణి అక్కడ వదిలేసి ఇక్కడ తిని కూర్చోలేను."

నాలుగడుగులు వేశాడో లేదో, కొండ దద్దరిల్లింది. మొదటి గుండుకే చివరి గుడారం ఎగిరిపోయింది. తరవాత గుండ్లు వాన కురిసినట్టు పడ్డాయి. బండోణ్ణి కందకంలోకి తోసి, సిపాయి పాక్కుంటూ వెళ్ళి టెలిఫోన్ పట్టుకున్నాడు.

"సార్! ఫిరంగులన్నీ ఇటే తిరిగాయి! ఉత్త గుడారాల మీద కాలుస్తున్నారు, ఎందుకో తెలీదు! మేం దిగిపోవచ్చా?"

అవతల అధికారి టెలిఫోన్ దించి, తన పక్కనున్న వాళ్ళతో సంబరంగా అన్నాడు: "మన దండంతా కొండ మీదే ఉందని మొత్తానికి నమ్మారయ్యా, ఇక ఆ కుర్రాళ్ళను ఏరు దాటించండి!"