పైడమ్మ ఓటు

ఐదు పంచాయతీలను పట్నంలో కలిపాక జరిగిన తొలి ఎన్నిక అది. ఓటు వేయడానికి ఎవరూ గడప దాటలేదు. ప్రతి ఇంటి గోడకూ ఉన్న మాటపెట్టె ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్ల మాటలు విని, ఎవరి మనసులో ఎవరున్నారో తేల్చి, వాళ్ల తరఫున తానే ఓటు వేసింది.

పొన్నాడపాలెం మాజీ సర్పంచి పైడమ్మ కౌన్సిలరుగా పోటీ చేసింది. పట్నం చెత్తను ఊరి జీడితోటల్లో పోయనివ్వకూడదని ఆమె పంతం. చెత్త కాంట్రాక్టరు జోగారావు చేతిలో ఒక్క ఓటుతో ఓడిపోయింది.

"నా ఓటు ఎవులికి పడిందమ్మా?" అని ఎన్నికల ఆఫీసులో అడిగింది.

"జోగారావుగారికే," అంది అక్కడి ఉద్యోగిని, తెర చూసి.

"నాను నిలబడి, ఆడికి ఏత్తానేటి?"

ఉద్యోగిని మాటపెట్టె దాచిన పైడమ్మ గొంతునే వినిపించింది. భర్త అప్పన్న జబ్బుపడిన రోజుల్లో అన్న మాటలవి. "ఈ పదవి నాకొద్దు బాబూ, ఆ జోగారావునే ఏలుకోనీ!" అలా పదకొండుసార్లు అంది.

"అలిసిపోయి అన్నానమ్మా. తెల్లారితే మల్లీ లెగిసి ఊరి పనికే ఎల్లాను కదా!"

"లేచి వెళ్లడం దానికి వినపడదమ్మా," అంది ఉద్యోగిని మెల్లగా.

ఇంటికి రాగానే అప్పన్న, "ఇప్పుడేటి సేత్తావే?" అన్నాడు. పైడమ్మ గోడమీది మాటపెట్టెను చూపి, పెదవులపై వేలు పెట్టింది.

మర్నాడు తొలి చెత్తలారీ తోటవైపు మలుపు తిరిగేసరికి, ఆమె దారికి అడ్డంగా కూర్చుని ఉంది.